మొన్న అంటే ఏ తేదీ

హిందూపురంలో మా ఆఫీసు గోడకు అద్దం బిగించిన కాగితం ఒకటి వేలాడుతూ ఉంటుంది. పైన ఇంగ్లీషు, మధ్యలో తెలుగు, కింద కన్నడం. మా పని మీకు నచ్చకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చునని, మూడు రోజుల్లో అందినట్టు జవాబిస్తామని, పది పనిదినాల్లో విచారించి ఫలితం చెబుతామని, అదీ నచ్చకపోతే మాకు లైసెన్సు ఇచ్చిన సంస్థకే నేరుగా రాయవచ్చునని దాని సారం. ఆ కాగితం కింద ఉండే కుర్చీ నాది.

మా మేడం న్యూజీలాండ్‌కు వెళ్ళేవారికి వీసా సలహా ఇస్తారు. ఊరికే బోర్డు పెట్టుకుని కూర్చున్న ఏజెంటు కాదు. ఆ దేశంవాళ్ళ నిబంధనల ప్రకారం చదివి, లైసెన్సు తెచ్చుకుని, దాన్ని నిలుపుకుంటున్న మనిషి. ఉండేది బెంగళూరులో. శనివారాలు హిందూపురం వస్తారు. లైసెన్సు ఉన్నవారు ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకుని తీరాలట. ఆ పద్ధతిని నడిపే పని నాకు అప్పగించారు.

నాకెందుకంటే, గడువులు లెక్క పెడతానని. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. తర్వాత ఇరవై ఏళ్ళు ధర్మవరంలో పట్టు మగ్గాలకు పడుగు పోసేచోట పోగులు లెక్క కట్టాను. ఏ అంచుకు ఎన్ని పోగులు, ఏ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి అన్నది కాగితం మీద ముందే తేల్చి ఇవ్వాలి. అక్కడ ఒక పోగు తప్పితే చీర పొడవునా కనిపిస్తుంది. ఆ లెక్కలు నాకెవరూ నేర్పలేదు, తప్పులు పోగా మిగిలినవే వచ్చాయి. ఆ అలవాటుతో ఇక్కడికొచ్చాను. బుధవారం పెనుకొండలో, శుక్రవారం ధర్మవరంలో, మిగతా నాలుగు రోజులు హిందూపురంలో కూర్చుంటాను. ఎవరు ఏ కాగితం ఏ రోజు ఇచ్చారో రిజిస్టర్లో రాయడం, ఫిర్యాదుల పుస్తకం చూసుకోవడం నా పనులు.

మొదటి మూడు నెలలు ఫిర్యాదుల పుస్తకం తెల్లగా ఉండిపోయింది. మా వైపు మనుషులకు కోపం రాదని కాదు. కోపం వస్తే ముఖం మీదే అడుగుతారు, తిడతారు, తర్వాత టీ తెప్పిస్తే తాగుతారు. కాగితం మీద రాయమంటే మాత్రం, ‘అంత దూరం ఎందుకులేప్పా’ అని లేచిపోతారు. మేడంకు అది నచ్చలేదు. ఒక్క ఫిర్యాదూ లేని పుస్తకాన్ని తనిఖీకి వచ్చేవాళ్ళు నమ్మరని ఆమె అన్నారు. నాకూ నిజమే అనిపించింది. ఏ లెక్కయినా సున్నా దగ్గరే ఆగిందంటే లెక్కపెట్టేవాడి మీద అనుమానం రావాలి.

మరుసటి బుధవారం పెనుకొండలో, మేనల్లుడి వీసా పనిమీద వచ్చిన ఎర్రమంచి రైతు ఒకాయనను అడిగాను.

“నీకేమన్నా ఇబ్బంది అయ్యుంటే ఈడ రాయప్పా.”

“నాకేమిబ్బంది. నీ ఫ్యానే తిరగడంలే.”

“అదే రాయి.”

ఆయన పెన్ను పట్టుకుని నావైపు అనుమానంగా చూశాడు. “ఫ్యాను తిరగలేదని రాస్తే ఆ దేశంలో దొరలు జవాబు చెప్తారా?”

“దొరలు కాదు, నేను చెప్తా.”

“నువ్వు ఎదురుగానే ఉండావు కదప్పా. ఇప్పుడే చెప్పు.”

“ఇప్పుడు చెప్పకూడదు. మూడు దినాల్లో ఒక ఉత్తరం, పది దినాల్లో ఇంకొకటి వస్తాది.”

ఆయన రాశాడు. నేను రెండో రోజే అందినట్టు ఉత్తరం పంపాను. ఫ్యాను కెపాసిటర్ మార్పించాక రెండో ఉత్తరం పంపాను. ‘మీ ఫిర్యాదును విచారించాము. ఫ్యాను తిరగని మాట వాస్తవం. సరిచేశాము. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.’ కింద మేడం సంతకం, లైసెన్సు నంబరు. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఎర్రమంచిలో టీ అంగడి దగ్గర అందరికీ చూపించాడట. తర్వాతి బుధవారం ముగ్గురు వచ్చారు. ఒకాయన మా బల్ల ఎత్తు ఎక్కువన్నాడు. ఒకామె వరసలో తనకంటే వెనక నిలబడినామెను ముందు పిలిచానని రాసింది, అది నిజమే. ఇంకొకాయన తనకు ఫిర్యాదేమీ లేదని, అయితే అట్లాంటి ఉత్తరం ఒకటి కావాలని అడిగాడు.

మేడం ఫోన్లో చాలాసేపు నవ్వి, “కొంచెం సీరియస్‌గా నడపండి” అన్నారు.

“సీరియస్‌గానే నడుపుతున్నాను మేడం. మూడు వచ్చినాయి. మూడూ గడువులోపే.”

ఫిర్యాదు ఫారంలో చివరన, మీరు కోరుకునే పరిష్కారమేమిటి అని ఒక గడి ఉంటుంది. అది మాత్రం ఎవరూ నింపేవారు కాదు. నాకు కోపం వచ్చిందని మేడంకు తెలిస్తే చాలు అనేవారు. ఆ గడిని మొదటిసారి నింపిన మనిషి మే నెల మొదటి సోమవారం ఉదయం వచ్చింది.

ఆమె హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పుట్టిల్లు అగళి వైపు. మాట సగం తెలుగు, సగం కన్నడం. భర్త ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి కూలీలను, ఉద్యోగులను చేరవేసే బస్సు నడుపుతాడు. న్యూజీలాండ్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంవాళ్ళు ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు, నెలాఖరు దాకా ఆగుతామన్నారు. వీసా ఆఫీసువాళ్ళు పోలీసు సర్టిఫికెట్ ఏప్రిల్ పదిహేనులోగా పంపమన్నారు. ఆలస్యంగా వచ్చిందని ఇప్పుడు దరఖాస్తు తిరస్కరించారు.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. బల్లమీద ఆ తిరస్కరణ కాగితం పెట్టి దానిమీద చెయ్యి ఆనించి నిలబడింది. భర్త మాత్రం కూర్చున్నాడు.

“అన్నా, ఈ కాగితంలో ఏం రాసినారో చూడు. నేను సర్టిఫికెట్ ఏప్రిల్ పద్దెనిమిదిన ఇచ్చినానంట. మీ మేడమే అట్ల రాసి పంపినారంట. నేను యాడ ఇచ్చినా పద్దెనిమిదిన? ఆ దినం నేను మా అమ్మ ఊర్లో ఉండాను.”

“రిజిస్టర్ చూస్తానుండమ్మా.”

“చూడు, బాగా చూడు. నేను గడువుకు ముందే ఇచ్చినా.”

రిజిస్టర్ తెరిచాను. ఆమె పేరు, ఎదురుగా పోలీసు సర్టిఫికెట్, అందిన తేదీ పద్దెనిమిది. అంకెలు గుండ్రంగా, వరసగా, ఎక్కడా కొట్టివేత లేకుండా ఉన్నాయి. అది నా చేతిరాత.

ఎలా రాశానో గుర్తు చేసుకున్నాను. ఏప్రిల్ ఇరవయ్యో తేదీ సోమవారం, గడువు దాటిపోయిందని చూసుకుని ఆమెకు ఫోన్ చేసి, సర్టిఫికెట్ ఇంకా రాలేదమ్మా అన్నాను. ఆమె, ‘మొన్ననే ఇచ్చినా కదన్నా, నువ్వు లేవు’ అంది. వెతికితే నా బల్లమీది ట్రేలో అడుగున దొరికింది. సోమవారానికి మొన్న అంటే శనివారం. శనివారం పద్దెనిమిది. శనివారాలు మేడం వస్తారు, జనం ఎక్కువ, అందుకే నా కంట పడలేదనుకున్నాను. రాసేశాను. మేడం నా రిజిస్టర్ చూసి అదే తేదీ పంపారు.

“నువ్వు మొన్న అంటివి కదమ్మా” అన్నాను.

“అంటిని.”

“మొన్న అంటే పద్దెనిమిదే కదా.”

ఆమె నన్ను, తర్వాత భర్తను చూసింది.

“ఏమన్నా నువ్వు” అన్నాడు ఆయన. “మొన్న అంటే మొన్ననేనా? మా పెండ్లి కూడా మొన్ననే అయింది. బిడ్డకు పన్నెండేండ్లు.”

నాకు నవ్వు వచ్చింది, దానితోపాటే చెమట కూడా పట్టింది. ఇన్నాళ్ళుగా మొన్న అన్న మాట వింటే రెండు రోజులు తీసివేస్తూ వచ్చాను. అది అంకె కాదని, ‘ఎక్కువ రోజులు కాలేదు’ అని చెప్పడం మాత్రమేనని మా అవ్వ మాట వింటూ పెరిగిన నాకు తెలియక కాదు. పెన్ను చేతికి రాగానే మరిచిపోయానంతే.

“ఇది నా తప్పమ్మా. నీ మాటకు నేను తేదీ కట్టినాను.”

ఆమె అప్పుడు కూర్చుంది. ఫారం ఇస్తే నింపింది. పరిష్కారం గడిలో, ‘నా ఫైలు మళ్ళీ తెరవాల. నేను చెప్పింది నిజమని రాయాల’ అని కన్నడ లిపి అలవాటున్న చేతితో తెలుగులో రాసింది.

“తప్పుల్లేని మనిషి యాడ ఉంటాడన్నా” అంది పెన్ను తిరిగి ఇస్తూ. “నువ్వు ఒప్పుకున్నావు, నాకు కోపం లేదు. కానీ ఫైలు తెరవకపోతే మాత్రం ఆ గోడమీద రాసిన సంస్థకు రాస్తా.”

“రాయల్ల. ఎట్ల రాయాల్నో నేనే చెప్తా.”

మేడంకు ఫోన్ చేశాను. నా మీద వచ్చిన ఫిర్యాదును నేనే విచారించడం కుదరదని ముందు చెప్పాను. లెక్క మీరు తీయండి, తీర్పు నేను రాస్తాను అన్నారు ఆమె. వీసా ఆఫీసుతో మాట్లాడి గంటలో మళ్ళీ చేశారు. గడువుకు ముందే కాగితం మా చేతికి వచ్చిందని ఆధారంతో చూపి, తప్పు మాదేనని రాస్తే ఫైలు తిరిగి తెరుస్తారట. గురువారం మధ్యాహ్నంలోగా పంపాలి.

ఆధారం ఒకటే ఉండవచ్చు. ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు స్కాన్ తీసి, తర్వాత నా ట్రేలో వేయడం మా ఆఫీసు పద్ధతి. ఆ స్కాన్లు నెలాఖరుకు మా కంప్యూటర్‌లోంచి పోయి బెంగళూరులో ఒక నిల్వ కంపెనీ దగ్గర చేరతాయి. అక్కడ పేరు పెట్టి వెతకడానికి లేదు. ఒక తేదీ చెప్పి అడిగితే ఆ రోజు మూట మొత్తం పంపుతారు, దానికి రెండు పూర్తి పనిదినాలు. ఒకటి పంపాక గానీ రెండో తేదీ అడగనివ్వరు. అంటే గురువారంలోగా మాకు దొరికేది ఒకే ఒక్క రోజు మూట. తేదీ తప్పితే ఆమె ఉద్యోగం పోయినట్టే.

“నువ్వు సర్టిఫికెట్ ఇచ్చిన దినం గురించి నీకు ఏమేమి గుర్తుందో అన్నీ చెప్పమ్మా” అన్నాను. “తేదీ వద్దు.”

“ఆ దినం నువ్వు లేవు. ధర్మవరం పోయినావని స్కాన్ తీసే ఆ పాప చెప్పింది.”

అయితే శుక్రవారం. సర్టిఫికెట్ మీద ఇచ్చిన తేదీ మార్చి ఇరవై నాలుగు. నేను ఫోన్ చేసింది ఏప్రిల్ ఇరవై. ఆ మధ్యలో శుక్రవారాలు నాలుగు: మార్చి ఇరవై ఏడు, ఏప్రిల్ మూడు, పది, పదిహేడు. మొదటి మూడింటిలో ఏదైనా తప్పు మాది. పదిహేడైతే ఆమెది.

“ఇంకా?”

“ఇంకేముండాది. మా వీధికి నీళ్ళొచ్చే దినం. సగం బిందెలు పట్టి, మిగతావి అట్లే పెట్టి వచ్చినా. మా అత్త ఇప్పటికీ తిడతాంటాది.”

“నువ్వు పోతే ఎవరు పట్టినారు?”

“నేనే పట్టినా” అన్నాడు భర్త. “ఆ దినం నాకు రెండో షిఫ్టు. ఆ వీధిలో ఆడోళ్ళందరి మధ్యలో నేనొక్కడే మొగోడు. వాళ్ళు మాట్లాడుకునేదంతా విన్యా. అవి మాత్రం ఈడ చెప్పను.”

స్కాన్ తీసే అమ్మాయి పెళ్ళి సెలవులో ఉంది. ఆమెకూ ఫోన్ చేశాను. తేదీ గుర్తు లేదంది.

“పెండ్లి పనుల్లో ఉంటినన్నా, తేదీలు యాడ గుర్తుంటాయి. ఒకటి మాత్రం గుర్తుండాది. ఆ అక్క చేతులు తడి. కాగితం తడవకుండా కొంగుతో పట్టుకుని ఇచ్చింది. నేను స్కాన్ తీసి నీ ట్రేలో వేస్తి.”

“నాకు చెప్పలేదే?”

“చెప్దామనుకుంటి. శనివారం జనంలో మర్చిపోతినన్నా.”

హిందూపురంలో ప్రతి వీధికీ నీళ్ళకు ఒక వంతు ఉంటుంది. వాళ్ళ వీధికి ఐదు రోజులకొకసారి. మంగళవారం పొద్దున్నే వాళ్ళ వీధి మొదట్లో వాల్వు తిప్పే ఆయనను పట్టుకున్నాను. పొడవాటి ఇనుప తాళంచెవి ఒళ్ళో పెట్టుకుని, ఒక గుంత పక్కన రాయిమీద కూర్చుని ఉన్నాడు.

“ఈ వీధికి కడసారి నీళ్ళు ఎప్పుడు వదిల్నావన్నా?”

“మొన్న.”

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. “మొన్న అంటే ఏ వారం?”

“మొన్న అంటే మొన్ననేప్పా, ఆదివారం. అంత కూడా తెలీదా?”

“తెలుసు, ఊరికే అడిగినా. వంతు ఎప్పుడన్నా తప్పిందా?”

“ఉగాది ముందర మోటరు కాలినప్పుడు తప్పింది. ఉగాది అయినాక ఒక్కసారి కూడా తప్పలే.”

“గట్టిగా చెప్తావా?”

ఆయన వీధిలోకి చెయ్యి చూపించాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు ముగ్గులు వేస్తున్నారు. “తప్పింటే వాళ్ళు నన్ను ఈడ కూచోనిస్తారా? నా తలకాయ ఈ గుంతలో ఉండేది.”

ఆయన పక్కనే ఇంకో రాయిమీద కూర్చుని రాశాను. మే మూడు ఆదివారం. ఐదు తీసేస్తే ఏప్రిల్ ఇరవై ఎనిమిది, మంగళవారం. ఇరవై మూడు, గురువారం. పద్దెనిమిది, శనివారం. పదమూడు, సోమవారం. ఎనిమిది, బుధవారం. మూడు, శుక్రవారం. అక్కడ నా పెన్ను ఆగింది. ఇంకొక ఐదు తీస్తే మార్చి ఇరవై తొమ్మిది, మళ్ళీ ఆదివారం. దానికి ముందు ఇరవై నాలుగు, మంగళవారం. అంతకు ముందు సర్టిఫికెట్టే లేదు.

ఏడు వంతుల్లో వారంలోని ఏడు రోజులూ ఒక్కొక్కసారి వచ్చిపోయాయి. శుక్రవారం నీళ్ళు రావాలంటే ముప్పై ఐదు రోజులకొకసారే. ఆ నాలుగు శుక్రవారాల్లో నీళ్ళొచ్చింది ఒక్కటి, ఏప్రిల్ మూడు. పడుగు లెక్కలో రెండు రంగుల వరసలు ఎన్నో పోగు దగ్గర కలుస్తాయో చూసుకునేటప్పుడు కలిగే సంతోషమే అప్పుడు కలిగింది. నాకు తెలియకుండానే నవ్వుతున్నానేమో, వాల్వు ఆయన అడిగాడు.

“ఏమప్పా, నీళ్ళ లెక్కలో అంత నవ్వొచ్చేదేముండాది?”

“నీ వంతు చానా న్యాయంగా ఉందన్నా. ఏ వారానికీ అన్యాయం చేయలేదు.”

“ఈ మాట కాగితంలో రాసియ్యి. మున్సిపాలిటీలో చూపిస్తా.”

రాసిచ్చాను. ఆయనకూ ఒక ఉత్తరం దక్కింది.

పదింటికి మేడంకు ఫోన్ చేసి, నాలుగు శుక్రవారాల్లో ఏప్రిల్ మూడు అడగమన్నాను.

“నాలుగింట్లో ఒకటి. పందెం కాస్తున్నారా?”

“లెక్క మేడం.” నీళ్ళ వంతు, శుక్రవారం, తడిచేతులు అన్నీ చెప్పాను. వింటూనే తనూ వేళ్ళమీద లెక్కపెట్టుకున్నానని మేడం తర్వాత చెప్పారు.

“లెక్క తప్పితే?”

“తప్పితే ఆమె ఉద్యోగం పోతుంది. ఆమె మనమీద పైవాళ్ళకు రాస్తుంది. రాయడానికి సాయం చేస్తానని మాట ఇచ్చినాను.”

“సరే, అడుగుతున్నాను” అన్నారు.

ఆ రెండు రోజులు ఊరికే కూర్చోలేక రిజిస్టర్ మొదటి పేజీ నుంచి వెతికాను. తేదీ పక్కన ‘క్లయింటు చెప్పిన ప్రకారం’ అని నేను రాసుకున్నవి ఇంకా పదకొండు దొరికాయి. పదకొండు మందికీ ఫోన్ చేసి, ఆనాడు మీరు చెప్పిన మొన్న ఏది అని అడిగాను. ఒకామె మొన్న శివరాత్రి. పరిగిలో ఒకాయన మొన్న, వాళ్ళ బావి తవ్విన తర్వాతి వారం. ఒకాయన, “నేను మొన్న అని యాడ అంటి, ఆమొన్న అంటి” అని పోట్లాడాడు. ఒక్కరిది మాత్రం నిజంగానే రెండు రోజుల కిందటి మొన్న. ఆయన ధర్మవరం స్టేషన్లో పనిచేసి రిటైరైన రైల్వే మనిషి. ఎవరి ఫైలుకూ దానివల్ల నష్టం జరగలేదు, అది అదృష్టం. తప్పిన పది తేదీలనూ ఎర్ర సిరాతో దిద్ది పక్కన నా సంతకం పెట్టాను.

గురువారం పదిన్నరకు మూట వచ్చింది. నూట నలభై రెండు కాగితాలు. నర్సమ్మ, ఆమె భర్త నా వెనక నిలబడ్డారు. నేను ఒక్కొక్కటే తెరుస్తుంటే, “బిరీన తిప్పన్నా” అన్నాడు ఆయన. “నువ్వు బస్సు నడిపేటట్ల కాదు, ఒకటి దాటిపోతే మళ్ళీ రాదు” అన్నాను. నలభయ్యో కాగితం దాటింది. అరవై దాటింది. వెనక ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఎనభై ఏడో కాగితం ఆమె పోలీసు సర్టిఫికెట్. ఏప్రిల్ మూడు, పదకొండు గంటల యాభై రెండు నిమిషాలు. కింద మూలన కాగితం మీద నీటిచుక్క పడ్డ గుండ్రటి మరక కూడా స్కాన్లో కనిపిస్తోంది.

ఆమె ఆ మరకను వేలితో ముట్టుకుంది. స్క్రీన్ మీదే.

“మా వీధి నీళ్ళు” అంది.

మేడం అప్పటికే ఉత్తరం రాసి ఉంచుకున్నారు. అందులో తేదీ ఒక్కటి చేర్చి, స్కాన్ జతపరిచి, పన్నెండుకు ఇంకా పది నిమిషాలుందనగా పంపారు. నా పేరు రాయలేదు. ‘తప్పు మా ఆఫీసుది, కాబట్టి నాది’ అని రాశారు. ఫిర్యాదు ఫలితం మీద కూడా ఆమే సంతకం చేశారు: ఫిర్యాదు పూర్తిగా సరైనది, క్లయింటు చెప్పినది నిజం. దాన్ని నర్సమ్మకు ఇవ్వబోతే, వద్దన్నా, నీకు చెడ్డపేరు వస్తాది అని చేతులు వెనక్కి పెట్టుకుంది. ఫలితం తీసుకోకపోతే లెక్క మూతపడదని బతిమాలి ఇచ్చాను.

ఆపైన ఎదురుచూడటమే మిగిలింది. దాదాపు మూడు వారాలు ఆ భర్త రోజూ బస్సు దిగి వచ్చి, ఏమన్నా వచ్చిందా అని అడిగేవాడు. లేదంటే, సరే, రేపొస్తా అని వెళ్ళేవాడు. నెలాఖరుకు నాలుగు రోజులు మిగిలాయి.

ఆ బుధవారం నేను పెనుకొండలో ఉన్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు మేడం దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. వీసా మంజూరైంది. నర్సమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, డ్యూటీలో ఉంటుంది. మెసేజ్ పెట్టాను, నాకు ఫోన్ చేయమని. ఫలితాన్ని క్లయింటుకు తప్ప ఇంకెవరికీ ముందు చెప్పకూడదన్నది రూలు. భార్యాభర్తలైనా అంతే. ఆ రూలు గోడమీది కాగితంలో లేదుగానీ నేను తు.చ. తప్పను.

కాసేపటికి రెండో షిఫ్టు బస్సు పెనుకొండలో జనాన్ని ఎక్కించుకోవడానికి మా గది ఎదురుగా ఆగింది. నడిపేది ఆయనే. నన్ను చూసి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“ఏమన్నా, వచ్చిందా?”

“మీ ఆమెను నాకు ఫోన్ చేయమని చెప్పు.”

“వచ్చిందా లేదా?”

“ఆమెకే చెప్పల్ల. రూలు.”

ఆయన ఇంజను ఆపేశాడు. “నీ మొగం చూస్తే తెలుస్తాండాది.”

“నా మొగం ఎప్పుడూ ఇట్లే ఉంటాది.”

“ఎప్పుడు ఉండాది? నెల దినాలుగా చూస్తాండా, జ్వరమొచ్చినట్ల ఉంటివి.”

బస్సులో ఉన్నవాళ్ళంతా ఒకవైపు కిటికీలకు చేరారు. విషయం అందరికీ తెలుసు, రోజూ ఆయన చెబుతూనే ఉన్నాడట. “చెప్పన్నా, షిఫ్టుకు టైమైతాంది” అన్నాడు ఒకడు. “చెప్పకపోతే ఈయన బస్సు తియ్యడు, మా జీతం కోసేది నీ మేడం ఇస్తాదా?” అన్నాడు ఇంకొకడు. అప్పుడు నా ఫోన్ మోగింది.

“అన్నా, ఫోన్ చేయమన్యావంట” అంది నర్సమ్మ.

“వచ్చిందమ్మా. మంజూరు చేసినారు.”

ఆమె మెల్లగా అంది. “అన్నా, పెట్టెయ్యద్దు. ఒక పెద్దాయనకు సూది వెయ్యల్ల, వేసి వస్తా.”

ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను. నాలుగు నిమిషాలు. ఆసుపత్రిలో ఎవరో దగ్గడం, ట్రాలీ చక్రాలు తిరగడం, ‘ఏం నొప్పి లేదు తాతా, అయిపాయ’ అని ఆమె అనడం నాకు వినిపిస్తున్నాయి. నేను ఆమెతో అన్నది మాత్రం ఇక్కడ అందరూ విన్నారు. ఆయన స్టీరింగు వదిలి కిందికి దిగి నా రెండు భుజాలు పట్టుకున్నాడు. బస్సులోవాళ్ళు తలుపు, కిటికీలు, రేకులు ఏది దొరికితే దానిమీద అరచేతులతో బాదుతున్నారు. “ఇంక సంగటి ఎవరు కెలుకుతారన్నా ఇంట్లో?” అని ఒకడు అడిగాడు. “నేనే. నీళ్ళు కూడా నేనే పడతా” అన్నాడు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె తిరిగి వచ్చింది.

“అన్నా, మా ఆయనకు చెప్పినావా?”

“లేదమ్మా. నీకు తప్ప ఎవరికీ చెప్పకూడదు.”

“మరి ఆడ అంత సద్దేంది?”